డండీనా, విట్‌బ్యాంకా?

దక్షిణాఫ్రికా బొగ్గు చరిత్ర తెలుసుకోవడానికి అక్కడి బొగ్గు ఊళ్లు డండీ, విట్‌బ్యాంక్‌లలో ఒక్కటే చూడగలిగితే, నా ఓటు డండీకే.

క్వాజులూ-నాటల్‌లోని ఈ చిన్న ఊరు 1882లో వెలిసింది. స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన పీటర్ స్మిత్ తన సొంత ప్రాంతం పేరే దీనికి పెట్టాడు. బ్రిటిష్‌వాళ్లకూ డచ్ సంతతి బోయర్లకూ మధ్య సాగిన ఆంగ్లో-బోయర్ యుద్ధంలో 1899 అక్టోబర్ 20న తొలి పెద్ద పోరు జరిగింది ఊరి పక్కనున్న తలానా కొండ దగ్గరే. ఇప్పుడక్కడున్న మ్యూజియంలో యుద్ధంతోపాటు గనుల చరిత్రా కనిపిస్తుంది.

తెలుగువాళ్లకు మరో కారణం కూడా ఉంది. మద్రాసు రేవులో ఓడెక్కి నాటల్ చేరిన ఒప్పంద కూలీల్లో తమిళులతో పాటు మనవాళ్లూ ఉన్నారు. అలాంటి కూలీలు ఈ చుట్టుపక్కల గనుల్లోనూ పనిచేశారు. ఒప్పందం ముగిశాక కూడా అక్కడే ఉండిపోయినవాళ్ల మీద ఏటా 3 పౌండ్ల పన్ను వేశారు! దాన్ని ఎదిరిస్తూ 1913లో గాంధీ పిలుపుతో మొదలైన సమ్మెలో ముందుగా పని ఆపింది పొరుగునున్న న్యూకాజిల్ గని కార్మికులే. మరుసటి ఏడాది ఆ పన్ను రద్దయింది.

విట్‌బ్యాంక్ తీరు వేరు. 1903లో మొదలై, 2006లో ఎమలాహ్లేనిగా పేరు మారిన ఈ పట్టణంలో బొగ్గు ఇంకా వర్తమానమే. చుట్టూ గనులు, థర్మల్ కేంద్రాలు, ఊపిరాడనివ్వని గాలి. ఈ ప్రాంతపు గాలి కాలుష్యం ప్రజల రాజ్యాంగ హక్కుకు భంగమని 2022లో ప్రిటోరియా హైకోర్టు తేల్చింది. బొగ్గు ఈరోజు మనుషుల్ని ఏం చేస్తోందో చూడాలనుకునేవాళ్లు మాత్రం ఇక్కడికే వెళ్లాలి.