అమ్మమ్మ కంచు గిన్నె, విరిగిన కడియాలు: విశాఖలో చేయించుకున్న వెండి, కంచు మిశ్రమం నగలు

విశాఖపట్నం పాత నగరంలో, కురుపాం మార్కెట్ బంగారు దుకాణాల వరుస దాటి లోపలి సందులోకి వెళితే, నలుగురు కూర్చుంటే నిండిపోయేటంత చిన్న పనిశాల ఒకటి ఉంది. అక్కడ వెండిని, కంచును కలిపి కరిగించి, ఒక్కొక్క నగనూ చేత్తోనే తీర్చి ఇస్తారు. అమ్మమ్మ వాడిన వెండి కడియాలు విరిగిపోయి, ఆమె కంచు గిన్నె అంచు పగిలిపోయి, పదేళ్లుగా మా బీరువాలో ఉండిపోయాయి. అమ్మడానికి మనసొప్పక, వాడుకోవడానికి వీలుపడక, చివరికి వాటిని అక్కడికి తీసుకువెళ్లి ఒక జత గాజులు, ఒక లాకెట్టు, ఒక జత లోలాకులు చేయించుకున్నాను. నాలుగు నెలలుగా వాటిని పెట్టుకున్న తరువాత ఈ అభిప్రాయం రాస్తున్నాను.

మొదటి రోజు ఆ పనిశాల నడిపే పెద్దాయన లోహాన్ని కరిగించే మాటే ఎత్తలేదు. కడియాన్ని గీటురాయి మీద గీసి చూశారు, గిన్నెను వేలితో మీటి మోత విన్నారు, రెండింటినీ తూచి చీటీ మీద రాశారు: కడియాల ముక్కలు 92 గ్రాములు, గిన్నె 310 గ్రాములు. ఆ తరువాత ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అమ్మా, ఈ రెండూ కలిపాక రేపు దీన్ని ఏ కొట్టుకు తీసుకెళ్లినా వెండి ధర కట్టరు. అది ఒప్పుకుంటేనే మూసలో వేస్తాను." ఆయన మాట నిజమే. భారత ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ వేసే వెండి శ్రేణుల్లో అన్నిటికన్నా తక్కువది వెయ్యికి 800 పాళ్లు. నా గాజుల్లో నాలుగింట మూడు వంతులు, లాకెట్టులో సగం మాత్రమే వెండి కాబట్టి వీటికి ఆ ముద్ర పడే అవకాశమే లేదు. రాగి, నికెల్, జింకు కలిపి చేసే, వెండి అణువైనా లేని లోహాన్ని జర్మన్ సిల్వర్ పేరుతో ఎందరో నమ్మి కొంటున్న ఈ రోజుల్లో, బేరానికి ముందే ఇంత స్పష్టంగా చెప్పే పనివారు దొరకడం నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

ఇక లోహం సంగతి. గిన్నెలకూ గంటలకూ వాడే కంచులో నూటికి సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. ఆ తగరమే కంచుకు మోతనూ గట్టిదనాన్నీ ఇస్తుంది, దానిని పెళుసుగా చేసేదీ ఆ తగరమే. అందుకే వెండిని, కంచును సమానంగా కలిపి గాజులు చేయమని నేను అడిగినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. సుత్తి దెబ్బ పడితే అంచులు చిట్లుతాయని, గాజుకు మూడు వంతుల వెండి, ఒక వంతు కంచు చాలునని, సమపాళ్ల మిశ్రమాన్ని పోత పోసే లాకెట్టుకు మాత్రమే వాడతానని చెప్పారు. జపాను లోహపు పనివారు కత్తి పిడుల అలంకారాలకు వాడిన షిబుయిచి అనే మిశ్రమంలోనూ ఇలాంటి కొలతే తలకిందులుగా కనిపిస్తుంది. ఆ పేరుకు నాలుగో వంతు అని అర్థం. అందులో వెండి ఒక వంతు, రాగి మూడు వంతులు.

నేను వెళ్లిన రోజుల్లో ఎక్కువసేపు చూసింది కరిగించే పనినే. వెండి 961 డిగ్రీల దగ్గర, రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కానీ రెండూ కలిస్తే, ముఖ్యంగా 72కు 28 పాళ్ల దగ్గర, 780 డిగ్రీలకే ద్రవమైపోతాయి. తగరం తోడైతే ఆ వేడి ఇంకా తగ్గుతుంది. ఈ లెక్క ఆయన అంకెల్లో చెప్పలేదు, మూసలోని లోహం అద్దంలా తేరుకునే క్షణాన్ని చూసి, లోహం శుభ్రంగా కరగడానికి వాడే వెలిగారం చిటికెడు చల్లి, పట్టకారుతో మూసను వంచారు. గాజుల కోసం పోసిన కడ్డీని కొన్ని దెబ్బలు కొట్టడం, గట్టిపడగానే ఎర్రగా కాల్చి చల్లార్చడం, మళ్లీ కొట్టడం మధ్యాహ్నమంతా సాగింది. ఆ కాల్చడంలో తొందరపడితే గాజు పగులుతుంది, ఆలస్యమైతే కరిగిపోతుంది. లాకెట్టును మైనంతో చెక్కి, దాని చుట్టూ మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహాన్ని పోశారు. అచ్చు పగలగొడితే గానీ నగ బయటికి రాదు కనుక అలాంటి లాకెట్టు మరొకటి ఉండదు. గిన్నె అడుగున ఉన్న వలయాల గీతలను ఆయన గమనించి, నేను అడగకుండానే లాకెట్టు వెనుక వైపు అవే గీతలు దించారు. ఆ ఒక్క పని చూసి మా అమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుంది.

రంగు విషయానికి వస్తే, గాజులు వెండి తెలుపులో కొద్దిగా మీగడ ఛాయతో ఉన్నాయి. లాకెట్టు పలుచని గోధుమ రంగులో, గీతల లోతుల్లో నల్లగా ఉంది. మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఉంది. గాలిలోని గంధకపు వాయువులతో వెండి నల్లబడుతుంది, ఉప్పు తేమకు రాగి పచ్చబారుతుంది, ఈ నగల్లో రెండూ ఉన్నాయి కాబట్టి మొదటి నెలలోనే తేడా కనిపించింది. ఉక్కపోతకు చెమట పట్టిన రోజున మణికట్టు మీద సన్నని ఆకుపచ్చ గీత పడింది. సబ్బుతో కడిగితే పోయింది. కంచు సామాను తోమినట్టు చింతపండుతో తోమితే లోతుల్లోని నలుపు కూడా కరిగిపోతుందని ముందే హెచ్చరించారు కాబట్టి, నేను మెత్తని గుడ్డతో తుడిచి, డబ్బాలో ఒక సుద్దముక్కతో పాటు పెడుతున్నాను. తళతళ మెరిసే నగ కావాలనుకునేవారు ఈ లోహం జోలికి వెళ్లకపోవడమే మంచిది.

లోపాలూ ఉన్నాయి. మూడు వారాల్లో ఇస్తామన్న పని ఏడు వారాలకు గానీ పూర్తికాలేదు. శ్రావణమాసం పనులు మీద పడ్డాయన్న సంగతి నేను ఫోన్ చేస్తే తప్ప వారు చెప్పలేదు. లోలాకులు ఒక్కొక్కటి 6 గ్రాములు ఉన్నాయి, గంట దాటితే చెవి తమ్మె లాగుతోంది. రాళ్లు లేని, అంతా లోహమే అయిన లోలాకుకు ఆ బరువు ఎక్కువ, దానిని ముందే ఆలోచించవలసింది. అయితే చెవిలోకి వెళ్లే కొక్కేలను మాత్రం పాత కంచు కలపకుండా, విడిగా కమ్మచ్చులో, అంటే తీగ లాగే చిల్లుల పలకలో, లాగిన వెయ్యికి 925 పాళ్ల వెండి తీగతోనే చేశారు. పాత పాత్రల్లో సీసం కలిసి ఉండవచ్చునని, అది చెవి రంధ్రానికి తగలకూడదని చెప్పారు. ఆ జాగ్రత్త ఎంతో మెచ్చుకోదగినది. అన్నిటికన్నా పెద్ద లోటు, ఏ నగలో ఏ పాళ్లు కలిపారో రసీదు మీద రాయకపోవడం; నోటి మాటగా అంత నిజాయతీ చూపినవారు దానిని కాగితం మీద కూడా పెట్టాలి, ఎందుకంటే నా తరువాత ఈ గాజులు పెట్టుకునేవారికి ఆ మాట వినబడదు. ఈ సంగతి ఆయనతోనే చెప్పాను, ఇకపై రాస్తామన్నారు.

లోహం నాదే కనుక మజూరి మాత్రమే తీసుకున్నారు, మూడింటికీ కలిపి 7,500 రూపాయలు. నగలకు పట్టిన వెండి 62 గ్రాములు, కంచు 26 గ్రాములు. వెండిలో 2 గ్రాములు తరుగు పోగా మిగిలిన 28 గ్రాముల వెండిని, 284 గ్రాముల గిన్నె ముక్కలను విడివిడిగా కాగితాల్లో చుట్టి, నా ఎదుటే తూచి తిరిగి ఇచ్చారు. వాటితో మా చెల్లెలి కూతురికి ఇంకో లాకెట్టు పోయించాలని అనుకుంటున్నాను, ఈసారి శ్రావణం దాటాక.