కోన్ ఫిల్టర్ పెట్టాక బుల్లెట్ సతాయిస్తోందా? పాత బాక్సు మేలా, జెట్లు మార్చడం మేలా?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మొదటిసారి మొరాయించింది. 2014 మోడల్, కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండి. అంతకు వారం ముందే ఒక యాక్సెసరీస్ షాపులో ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీయించి, కార్బొరేటర్ మూతికి నేరుగా కోన్ ఫిల్టర్ (శంకువు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) బిగించుకున్నాను. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఆ గాలి పీల్చే గర్జనకు మురిసిపోయాను. ఘాట్‌లో అసలు సంగతి బయటపడింది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే బండి లాగదు, కొంచెం తగ్గిస్తే లాగుతుంది. దిగువకు వచ్చేటప్పుడు వదిలేస్తే సైలెన్సర్లో ఢప్ ఢప్. కాళ్లకు ఇంజిన్ సెగ కొలిమి దగ్గర నిలబడ్డట్టు తగిలింది.

ఇంటికొచ్చాక తలా ఒక మాట చెప్పారు. ఒకరు కోన్ పీకేసి పాత బాక్సు పెట్టమన్నారు. ఇంకొకరు పాత బాక్సులోనే కాటన్ ఫిల్టర్ వేసుకోమన్నారు. మూడో ఆయన కోన్ అలాగే ఉంచి జెట్లు, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలు, మార్చమన్నారు. మూడూ చేసి చూశాను కాబట్టి ఏది ఎవరికి సరిపోతుందో చెప్పగలను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. చెడింది ఫిల్టర్ కాదు. గాలి దారి మారింది, పెట్రోలు కొలత మాత్రం పాతదే ఉంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కంపెనీ ఆ లెక్కను ఫిల్టర్ బాక్సు ఇరుకుదనంతో సహా వేసి జెట్టు ఎంచింది. ఇరుకు తీసేస్తే గాలి పెరిగి మిక్చర్ పలచబడుతుంది, మెకానిక్కులు లీన్ అనేది దీన్నే. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి కావలసిన గాలి సుమారు 13.5 కిలోలే. కార్బొరేటర్‌కు ఈ తేడా తెలియదు, పాత కొలతే పోస్తుంది. అంటే కోన్ పెట్టకముందే ఈ పాత బళ్లు కొంత లీన్ వైపు జరిగి ఉన్నాయి. 2016లో ఎవరికో బాగా నడిచిన సెట్టింగ్ ఇవాళ మీకు నడవకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

అయితే ఏ దారి పట్టే ముందైనా లీకులు చూడండి. నా బండిలో మొదటి తప్పు అక్కడే దొరికింది. కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే మ్యానిఫోల్డ్ రబ్బరు, కోన్ బిగించే హడావిడిలో పక్కకు జరిగి క్లాంపు సగమే పట్టింది. బండి స్లోలో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ నడుస్తూ) ఉండగా ఆ రబ్బరు చుట్టూ నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. స్లో మారితే అక్కడ దొంగగాలి దూరుతున్నట్టే. కొందరు దీనికి కార్బ్ క్లీనర్ వాడతారు, వేడి ఇంజిన్ మీద అది మంట అంటుకునే పని, వద్దు. తర్వాత ఇంజిన్ నుంచి బాక్సులోకి వెళ్లే బ్రీదర్ పైపు ఎక్కడ వేలాడుతోందో చూడండి. నాది నోరు తెరుచుకుని చైన్ మీద నూనె చిమ్ముతోంది. సైలెన్సర్‌లోకి తాజా గాలి పంపే పల్స్ ఎయిర్ వాల్వ్ ఉన్న బళ్లలో ఆ పైపు కూడా ఊడి ఉండవచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే ఢప్ ఢప్ ఒక్కోసారి దాని వల్లే, అందుకు జెట్టును తిట్టి లాభం లేదు.

లీకులు లేవని తేలాక చోక్ పరీక్ష. బండి వేడెక్కాక, లాగని చోట చోక్ (మిక్చర్‌లో పెట్రోలు పాలు పెంచే మీట) కొంచెం ఎత్తండి. వెంటనే లాగితే లీన్, ఇంకా ఇబ్బంది పెడితే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువైనట్టు. ఆ తర్వాత ప్లగ్ విప్పి రంగు చూడండి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్, మసిబారితే రిచ్, లేత కాఫీ రంగయితే సరి. ఈ ఇంజిన్‌కు రెండు ప్లగ్గులు, రెండూ విప్పండి.

ఇక మూడు దారుల్లో పాత బాక్సు సంగతి ముందు. కొత్త పేపర్ ఫిల్టర్ వేసి, పైపులన్నీ యథాస్థానంలో పెడితే అరపూటలో అయిపోతుంది. ఖర్చు వందల్లోనే. నా బండి మర్నాడే మామూలుగా లాగింది. ఇది మందే కాదు, పరీక్ష కూడా. బాక్సు పెట్టాక కూడా సమస్య ఉంటే రోగం ఫిల్టర్‌ది కాదు, కార్బొరేటర్‌లో చెత్తో, ట్యాంకు ట్యాపో, ప్లగ్గో చూడాలి. అందుకే పాత బాక్సును షాపులో వదిలేయకండి, అటక మీదైనా దాచండి. ఇంకో మేలు ఉంది. ఈ బండిది ఇంజిన్ పీల్పుతో (వాక్యూమ్‌తో) స్లైడ్, అంటే గాలి దారి తెరిచే ముక్క, లేచే కార్బొరేటర్. దాని మూతి దగ్గర గాలి నిలకడగా ఉండాలి. బాక్సు ఆ నిలకడ ఇస్తుంది, ఎదురుగాలిని, లారీ పక్కనుంచి పోయినప్పటి సుడిని ఆపుతుంది. కోన్‌తో హైవే మీద బండి ఉన్నట్టుండి ఊగిసలాడేది అందుకే.

కాటన్ ఫిల్టర్ రెండోది. పాత బాక్సులోనే కూర్చుంటుంది, మిక్చర్ పెద్దగా చెడదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఆ కడగడంలోనే చిక్కు. దానికని ఉన్న క్లీనర్‌తో కడిగి, నీడలో ఆరబెట్టి, ప్రత్యేకమైన నూనె పలచగా పట్టించాలి. మన దగ్గర ఎక్కువమంది పెట్రోల్లో ముంచి, కంప్రెసర్ గాలి కొట్టి, నూనె లేకుండానే బిగించేస్తారు. నూనె లేని కాటన్ దుమ్మును పట్టలేదు. క్వారీ లారీలు తిరిగే దారుల్లో, ఎండాకాలపు మట్టి రోడ్ల మీద ఆ సన్నని రాతిపొడి నేరుగా లోపలికి పోయి రింగులను, బోరును అరగదీస్తుంది. ఓపిక ఉన్నవాళ్లకు మంచి ఫిల్టర్. లేనివాళ్లకు పేపరే క్షేమం.

జెట్ల దారి చివరిది, నాకు బాగా నచ్చిందీ అదే, బాగా ఏడిపించిందీ అదే. ఇక్కడ తెలుసుకోవలసింది ఏ జెట్టు ఎక్కడ పనిచేస్తుందన్నది. స్లో నుంచి పావు యాక్సిలరేటర్ దాకా స్లో జెట్, మిక్చర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే స్లైడ్‌తో పాటు లేచే సూది. ఆపైన మెయిన్ జెట్. నా బండి ఫుల్‌లో చచ్చిపోతోంది కాబట్టి మెయిన్ జెట్టే చిన్నదని అర్థం. ఒక మెట్టు పెద్దది వేశాను, ఘాట్‌లో తేడా తెలిసింది. ఇంకో మెట్టు వేశాక లాగింది గానీ సగం యాక్సిలరేటర్ దగ్గర జర్క్ మిగిలింది. నీడిల్ కింద అర మిల్లీమీటరు వాషర్ పెడితే అదీ పోయింది. ఒక్కో మార్పుకూ ఒక్కో రోజు, ఒకేసారి రెండు మార్చకూడదు. మార్చిన ప్రతిసారీ ఒకే ఎక్కుడు రోడ్డు మీద నడిపి, ఫుల్‌లో ఉండగానే కిల్ స్విచ్ నొక్కి, క్లచ్ పట్టి, పక్కకు ఆపి ప్లగ్ చూశాను. దీనికి ఖాళీ రోడ్డు, పగటి వెలుతురు తప్పనిసరి.

ఇంత చేస్తే దక్కిందేమిటి? 346 సీసీ, 19.8 హార్స్‌పవర్ ఇంజిన్ ఇది. ఒక్క ఫిల్టర్‌తో పెరిగే బలం చేతికి తెలిసేంత ఉండదు. శబ్దం మాత్రం నిజంగా బాగుంటుంది, అదొక్కటీ కొందరికి చాలు, నేను తప్పుపట్టను. బదులుగా మైలేజీ తగ్గుతుంది, వానలో తడిసిన కోన్ బండిని మిస్సింగ్ చేస్తుంది, రిచ్ ఎక్కువైతే పొల్యూషన్ చెకింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది.

లీన్‌గా ఉన్న బండిని "సర్దుకుంటుందిలే" అని నడపడం మాత్రం అన్నిటికంటే చెడ్డది. గాలితో చల్లబడే ఇంజిన్ ఇది, లీన్ మంట వేడికి ముందు దెబ్బ తినేది ఎగ్జాస్ట్ వాల్వ్, పిస్టన్. మా బావ తన ఇదే మోడల్ బండిని అలాగే వేసవంతా నడిపాడు. ఆగస్టులో హెడ్ విప్పితే వాల్వ్ సీటు కాలిపోయి ఉంది.

రోజూ ఆఫీసుకు, వారానికోసారి ఊరికి పోయే బండయితే పాత బాక్సు, పేపర్ ఫిల్టర్, అనుమానం అక్కర్లేదు. ఫిల్టర్ స్వయంగా శుభ్రం చేసుకునే అలవాటుంటే కాటన్. కోన్ వదులుకోలేకపోతే జెట్ల ఖర్చు, మూడు నాలుగు ఆదివారాలు ముందే లెక్కలో వేసుకోండి. 2020 తర్వాతి ఇంజెక్షన్ బళ్లవాళ్లకు (కార్బొరేటర్ బదులు ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మేవి) జెట్ల దారి లేదు. ఆక్సిజన్ సెన్సర్ నిదానంగా పోయేటప్పుడు కొంతవరకు పెట్రోలు సర్దుతుంది, ఫుల్ యాక్సిలరేటర్‌లో సర్దదు. ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించి కోడ్ చదివించండి, బ్యాటరీ తీసి లైటు ఆర్పడం వైద్యం కాదు.

నా క్లాసిక్‌కు ఇప్పుడు పాత బాక్సే ఉంది. కొన్న జెట్లు చిన్న డబ్బాలో, ఏది ఏ సైజో చీటీ రాసి, బాక్సు పక్కన పెట్టాను. చలికాలంలో ఒకసారి కోన్ బిగించి మళ్లీ శ్రీశైలం వెళ్తాను.