లెసన్ ప్లాన్‌కి ముందు ఏఐనా, ఫ్రేమ్‌వర్కా: ఏది మేలు?

జూన్ వచ్చిందంటే విశాఖలో నాకు తెలిసిన టీచర్లు అడిగేది ఒకటే. ఇయర్ ప్లాన్, లెసన్ ప్లాన్ నేరుగా చాట్‌జీపీటీతోనో జెమినీతోనో రాయించేసుకోవచ్చా, లేక బ్యాక్‌వర్డ్ డిజైన్, 5ఈ లాంటి ప్లాన్ రాసే పద్ధతులు, అంటే ఫ్రేమ్‌వర్క్‌లు, నేర్చుకుని సొంతంగా రాసుకోవాలా? ఈ ఏడాది పదో తరగతి సైన్స్‌కి నేను ఫ్రేమ్‌వర్క్ ముందు పెట్టి, ఏఐని దాని తర్వాతే వాడుతున్నాను.

నేరుగా ఏఐని అడిగితే పని వేగంగా అవుతుంది, అందులో సందేహం లేదు. "ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠానికి ప్లాన్ ఇవ్వు" అంటే చాలు, లక్ష్యాలు, కృత్యాలు, క్విజ్, ఇంటిపని అన్నీ వరసగా వచ్చేస్తాయి. లిట్మస్, నిమ్మరసం, పసుపు, చార్టు తయారీ... చూడటానికి నిండుగా ఉంటుంది. కానీ ఇవన్నీ చేయించాక పిల్లలకి పాఠం అర్థమైందని మనకెలా తెలుస్తుంది? చివర్లో పది బిట్లు తప్ప ఆ ప్లాన్‌లో దీనికి జవాబు దొరకదు. ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఈ ప్రశ్నే.

అమెరికన్ విద్యావేత్తలు గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై 1998లో ముందుకు తెచ్చిన బ్యాక్‌వర్డ్ డిజైన్ ఈ ప్రశ్నని వాయిదా వేయనివ్వదు. పిల్లలకి ఏం అర్థం కావాలో ముందు రాసుకోవాలి, అర్థమైందనడానికి ఏం రుజువు అడుగుతామో తర్వాత రాయాలి, కృత్యాల సంగతి ఆ తర్వాతే. ఈ పాఠానికి నేను పెట్టుకున్న రుజువు బొర్రా గుహలు. అక్కడ సున్నపురాయి నీళ్లకి ఎలా కరిగింది, మళ్ళీ కప్పు నుంచి వేలాడే రాళ్లుగా ఎలా పేరుకుంది, సమీకరణంతో సహా చెప్పాలి. ఇది రాసుకోగానే మిగతా ప్లానంతా మారిపోయింది. సున్నపుతేటలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే తెల్లగా మారి, ఇంకా పంపుతూ పోతే మళ్ళీ తేటపడుతుంది కదా, మనం ఒక కృత్యంగా చేసి వదిలేసే ఆ ప్రయోగమే ఇప్పుడు పాఠానికి గుండెకాయ. కరగని కాల్షియం కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది, గుహలోనూ జరిగేది అదే, నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయినచోట కార్బొనేట్ తిరిగి గట్టిపడుతుంది. దానికి ఇంకో పీరియడ్ ఇచ్చి, చార్టు తయారీ తీసేశాను.

ఏఐని పిలిచింది ఇక్కడ. ఒకే ప్రశ్నని మూడు స్థాయిల్లో రాయడం, సమీకరణం తుల్యం చేయలేని పిల్లలకి మెట్టు మెట్టుగా సూచనలివ్వడం, వాళ్లు ఎక్కడ పొరబడతారో ముందే ఊహించడం లాంటివి చక్కగా చేస్తుంది, నాకు ఆదివారాలు మిగులుతున్నాయి. సమీకరణాలు మాత్రం మీరే సరిచూసుకోండి. పాఠ్యపుస్తకంలోని తెలుగు పదాలు ముందే ఇవ్వండి, లేకపోతే పిల్లలు ఎన్నడూ వినని పదాలు వచ్చిపడతాయి. పిల్లల పేర్లు, మార్కులు అందులో ఎక్కించొద్దు. ఇయర్ ప్లాన్ ఇమ్మంటే వారాలన్నీ సమానంగా పంచేస్తుంది, అక్టోబర్, నవంబర్లలో మనకి తుపాన్లకి సెలవులొస్తాయని, సంక్రాంతి తర్వాత అంతా రివిజన్ హడావుడేనని మనమే చెప్పాలి.

5ఈ అంటే ఆసక్తి రేపడం, అన్వేషణ, వివరణ, విస్తరణ, మూల్యాంకనం అనే ఐదు దశలు; సైన్స్ కృత్యాల వరసకి బాగుంటుంది, బ్యాక్‌వర్డ్ డిజైన్ లోపలే ఇమిడిపోతుంది. ఆలోచనా స్థాయిల్ని మెట్లుగా విడదీసిన 1956 నాటి బ్లూమ్స్ వర్గీకరణ, 2001లో సవరించినదైనా సరే, ప్రశ్నపత్రం అంతా జ్ఞాపకశక్తి మీదే నడుస్తోందా అని చూసుకోవడానికి పనికొస్తుంది, ప్లాన్‌కి అది చాలదు.

బ్యాక్‌వర్డ్ డిజైన్‌కి టైం పడుతుంది, అన్ని పాఠాలకీ కుదరదు. నేను పెద్ద పాఠాలకే చేస్తున్నాను. ఏడాది మధ్యలో ఇంకో సబ్జెక్టు నెత్తిన పడితే ఆ వారానికి నేరుగా ఏఐ ప్లానే తీసుకోండి, తప్పేం లేదు, కాకపోతే అది తెరిచేముందు ఆ పాఠానికి రుజువు ప్రశ్న ఒక్కటి మీ చేత్తో రాసి దానికివ్వండి.