బోకా గ్రాండేలో టార్పన్ ట్రిప్‌కు డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

నిన్న మధ్యాహ్నం రేవుకు తిరిగొచ్చాం. రాత్రంతా నిద్ర పట్టలేదు, కోపం ఇంకా అలాగే ఉంది. అందుకే అసలు సంగతి ముందే చెప్పేస్తున్నా. ఫ్లోరిడాలో టార్పన్ అనే పెద్ద సముద్రపు చేపను పట్టించే గైడ్ ఎవరైనా 'టార్పన్ ట్యాగ్' అంటూ మనిషికింత అని అడిగితే, ఆ బోటు ఎక్కకండి. మేం ఎక్కాం.

వెళ్ళింది నేను, బావ, మా పదకొండేళ్ళ అబ్బాయి. మే, జూన్ నెలల్లో బోకా గ్రాండే పాస్‌లో, అంటే సముద్రంలోకి తెరుచుకునే ఆ ఇరుకు జలమార్గంలో, ఏం జరుగుతుందంటే: పౌర్ణమికీ అమావాస్యకీ ఆటు గట్టిగా లాగుతుంది, పీతలు గుంపులుగా సముద్రంలోకి కొట్టుకుపోతాయి, వాటి కోసం టార్పన్లు పైకొస్తాయి. ఆ రోజులు చూసుకునే బుక్ చేశాం. నాలుగు గంటలకు 800 డాలర్లు, సగం ముందే కట్టాలి. రేవు దగ్గర బోటు కెప్టెన్ ట్యాగ్ పేరుతో మనిషికి 60 చొప్పున ఇంకో 180 తీసుకున్నాడు. రసీదు అడిగితే తర్వాత పంపుతానన్నాడు.

ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. 2013 నుంచి ఫ్లోరిడాలో టార్పన్‌ను పట్టినా మళ్ళీ వదిలేయాల్సిందే. అంతర్జాతీయ రికార్డు కోసం ప్రయత్నిస్తూ చేపను ఉంచుకునేవాళ్ళకే ట్యాగ్ కావాలి, అదీ మనిషికి ఏడాదికి ఒక్కటే. వదిలేసే చేపకు ట్యాగ్ ఏమిటి? ఈ ఒక్క ముక్క ముందే చూసుకుని ఉంటే అక్కడే వెనక్కి తిరిగేవాళ్ళం. చూసుకోకపోవడం నా తప్పే.

సరే, డబ్బు పోయింది. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం అది కాదు.

మూడో గంటలో నా పీత ఎరకు టార్పన్ తగిలింది. రీల్ కీచుమంటూ లైన్ పోతూనే ఉంది. దూరంగా నీళ్ళు చీల్చుకుని నిలువునా ఎగిరింది. ఒళ్ళంతా వెండి, ఒక్కో పొలుసు అరచేయంత. ఎగిరిన ప్రతిసారీ రాడ్ ముందుకు వంచి లైన్ వదులు చేయాలని బావ వారం రోజులు నేర్పాడు, అలాగే చేశాను. అలసిపోయిందనుకునేసరికి పైకొచ్చి నోటితో గాలి మింగేది. దాని గాలితిత్తి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది కాబట్టి ఆ ఒక్క గుక్కతో మళ్ళీ లాగేది. నలభై నిమిషాలు పట్టింది. బోటు పక్కకు వచ్చేసరికి నా చేతులు వణుకుతున్నాయి. అయిదడుగులకు పైనే ఉంది.

40 అంగుళాలు దాటిన టార్పన్‌ను నీళ్ళలోంచి పైకి తీయకూడదు. అది చట్టం. మావాడు ట్రిప్‌కు ముందే ఆ రూల్స్ అన్నీ చదివి నాకు అప్పజెప్పాడు కూడా. నేను వంగి నీళ్ళలోనే ఫొటో తీసుకుందామనుకుంటుంటే, కెప్టెన్ మొప్పలోకి చెయ్యి దూర్చి దాన్ని అంచు మీదుగా బోటులోకి ఈడ్చేశాడు. అంత బరువున్న చేప చెక్క మీద పడి కొట్టుకుంటోంది, మొప్పల్లోంచి నెత్తురు. మావాడు లేచి "దాన్ని నీళ్ళలోనే ఉంచాలి కదా" అన్నాడు. అతను వాడి వైపు తిరిగి, నా బోటులో పిల్లలు నాకు రూల్స్ చెప్పరు, నోరు మూసుకుని కూర్చో అన్నాడు. తన ఫోన్ బావ చేతిలో పెట్టి, చేపను ఒళ్ళోకి ఎత్తుకుని, ఫొటో తీయమన్నాడు. మా ఫొటో కాదు, తనది!

నేను ఏమీ అనలేదు. రాడ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒడ్డుకు మైళ్ళ దూరంలో లేం, పక్కనే ఇంకా ఎన్నో బోట్లున్నాయి. భయపడాల్సిందేమీ లేదు. నా కొడుకు సరైన మాట అన్నందుకు తిట్టు తిన్నాడు, నేను వాడి పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత దాన్ని అలాగే నీళ్ళలోకి తోసేశాడు. కింది దవడ పట్టుకుని, మొప్పల్లోకి నీళ్ళు పోయేలా కాసేపు ముందుకు నడిపించి, అది తనంతట తాను ఈదితే అప్పుడు వదలాలి. రెండు నిమిషాల పని. అది పక్కకి ఒరిగి తేలింది. పాస్‌లో టార్పన్ల వెంటే సొరలు తిరుగుతుంటాయి. మా కళ్ళ ముందే నీళ్ళు ఎర్రబడ్డాయి. దశాబ్దాలు బతికే చేప. అంత పెద్దవి చాలావరకు ఆడవే, గుడ్లు పెట్టే కాలం ఇదే.

రేవు దగ్గర దిగాక టిప్ ఏదని అడిగాడు. బావ ఇవ్వనన్నాడు. చేపను చూశారుగా, ఇంకేం కావాలి అన్నాడు కెప్టెన్.

ఈ ఉదయం చూస్తే ఆ ఫొటో అతని ప్రకటనలో ఉంది. ఒక మూల నా భుజం, రాడ్ కనిపిస్తున్నాయి. దాన్ని రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ ఫిర్యాదుల విభాగం వైల్డ్‌లైఫ్ అలర్ట్‌కు పంపాను. నంబర్ 888-404-3922.

బుక్ చేసేవాళ్ళకు రెండు మాటలు. కోస్ట్ గార్డ్ ఇచ్చిన కెప్టెన్ లైసెన్స్ చూపించమనండి. ఫిషింగ్ లైసెన్స్ విడిగా కొనమంటే కొనకండి, చార్టర్ లైసెన్స్ ఉన్న బోటైతే అదే మీకూ వర్తిస్తుంది. డబ్బు కట్టకముందే, పెద్ద టార్పన్‌తో ఫొటో ఎలా తీస్తారని ఫోన్‌లో అడగండి. బోటులోకి ఎత్తి తీస్తానంటే ఫోన్ పెట్టేయండి.