ఊసరవెల్లి ఆలస్యం, కుందేలు తడబాటు

మనిషికి చావెలా వచ్చిందో చెప్పడానికి దక్షిణాఫ్రికాలో జూలూలకు ఒక కథ ఉంది, నామా జనానికి ఇంకొకటి. రెండింటిలోనూ చావు పాపానికి శిక్ష కాదు. కబురు చేరడంలో జరిగిన పొరపాటు.

జూలూ కథలో, రెల్లు నుంచి పుట్టిన సృష్టికర్త ఉన్కులున్కులు 'మనుషులు చావకూడదు' అని ఊసరవెల్లితో కబురంపాడు. అది అడుగులో అడుగేస్తూ, దారిలో పొద దగ్గర పండ్లు తింటూ ఆగిపోయింది. తర్వాత ఆయనే 'మనుషులు చావాలి' అని బల్లిని పంపాడు. బల్లి పరుగున వెళ్ళి చెప్పేసింది. వెనకొచ్చిన ఊసరవెల్లితో జనం, 'బల్లి మాట వినేశాం' అన్నారు. మొదటి మాట అబద్ధమేమీ కాదు, ఆలస్యమైందంతే. ఆ చోట నాకు గుండె పట్టేస్తుంది.

నామా కథలో కబురు ఒక్కటే. 'నేను చచ్చి మళ్ళీ బతుకుతున్నట్టే మీరూ చచ్చి బతుకుతారు' అని మనుషులకు చెప్పమని కుందేలును పంపాడు చంద్రుడు. కుందేలు దాన్ని 'చచ్చి నశిస్తారు' అని మార్చేసింది. చంద్రుడు కోపంతో కట్టె విసిరితే కుందేలు పెదవి చీలింది. జర్మన్ భాషావేత్త విల్‌హెల్మ్ బ్లీక్ 1864లో అచ్చువేసిన కథల్లో ఇదీ ఉంది. మనం చందమామ ఒడిలో చూసే కుందేలు అక్కడ చంద్రుడి చేతిలో దెబ్బ తిన్నది!

రెండింట్లో నాకు నామా కథే ఎక్కువ నచ్చుతుంది. అమావాస్య దాటాక సన్నటి నెలవంక కనబడ్డప్పుడల్లా, దారి తప్పిన ఆ అసలు కబురు ఆకాశంలో మళ్ళీ వినబడుతుంది.