ఎవరు మార్చారో చెప్పే గడి: అమ్మ మందుల కోసం గూగుల్ షీట్ వాడిన అనుభవం

గూగుల్ షీట్స్ గురించి కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. ఆఫీసుల్లో పనిచేసే వాళ్లందరికీ తెలిసిందే. గడులు గడులుగా ఉండే పట్టిక అది. డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటుంది. నేను రాయాలనుకున్నది అందులోని ఒకే ఒక్క సదుపాయం గురించి. కంప్యూటర్‌లో షీట్ తెరిచి ఏ గడి మీదైనా రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో ‘షో ఎడిట్ హిస్టరీ’ అని ఉంటుంది. అది నొక్కితే ఆ గడిలో ఇంతకుముందు ఏముంది, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు మార్చారు అన్నది చిన్న పెట్టెలో కనిపిస్తుంది. బాణం గుర్తు నొక్కుతూ ఒక్కో మార్పూ వెనక్కి చూసుకుంటూ పోవచ్చు. మా అమ్మ విషయంలో ఇది చేసిన మేలు నేను మర్చిపోలేను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమ్మకి గుండెలో మైట్రల్ వాల్వ్ (రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపు లాంటిది) తీసేసి మెకానికల్ వాల్వ్ పెట్టారు. మెకానికల్ వాల్వ్ పెట్టించుకున్న వాళ్లకి రక్తం పల్చబడే మాత్ర జీవితాంతం తప్పదు. అమ్మ వాడేది అసిట్రోమ్. ఒకసారి రాసిస్తే ఏళ్ల తరబడి అదే మోతాదులో వేసుకుంటూ పోయే రకం కాదు ఇది. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించి, వచ్చిన అంకెను బట్టి డాక్టర్ డోసు మారుస్తూ ఉంటారు. ఈ మాత్ర వాడని మనిషికి ఆ అంకె ఒకటి దగ్గర ఉంటుంది. అమ్మకి రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలన్నారు. తగ్గితే వాల్వ్ మీద రక్తం గడ్డకడుతుందని భయం, బాగా పెరిగితే ఎక్కడైనా రక్తస్రావం అవుతుందని భయం. తోటకూర, మునగాకు లాంటివి ఒక్కసారిగా ఎక్కువ తిన్నా, పూర్తిగా మానేసినా అంకె కదులుతుంది, వాటిలో విటమిన్ కె ఉంటుంది కాబట్టి. డోసు కూడా రోజూ ఒకేలా ఉండదు. ‘ఆదివారం 3, మిగతా రోజులు 2’ అని మిల్లీగ్రాముల లెక్కలో రాస్తారు. తర్వాతి పరీక్షకి అది మారిపోవచ్చు.

అమ్మ తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. నేను హైదరాబాద్‌లో, అక్క డాలస్‌లో. మొదట్లో అంతా వాట్సాప్ గ్రూపులోనే నడిచింది. రిపోర్టు ఫోటో పెడితే రెండు రోజుల్లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద, పెళ్లి ఫోటోల కింద కూరుకుపోయేది. ఆ తర్వాత ఒక ఉచిత హెల్త్ యాప్ వాడాం. మాత్ర వేళకి గంట కొట్టేది, గ్రాఫులు వేసేది, అమ్మకి కూడా నచ్చింది. ఒక రోజు ‘మా సేవలు ఆపేస్తున్నాం’ అని మెయిల్ వచ్చింది. అన్నాళ్ల సమాచారం ఒక పీడీఎఫ్‌గా తప్ప వేరే రూపంలో ఇవ్వలేదు. ఆ పీడీఎఫ్ ముందు పెట్టుకుని అక్క ఒక్కో అంకె చేత్తో షీట్‌లోకి ఎక్కించింది. ఉచితంగా దొరికే దాన్ని ఎంచుకునేటప్పుడు, అందులో పెట్టిన సమాచారాన్ని ఎలా బయటికి తెచ్చుకోవాలో ముందే చూసుకోవాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది. షీట్‌ని ఎప్పుడైనా ఎక్సెల్ ఫైల్‌గా దింపుకోవచ్చు. ఆ భరోసా ఉంది.

మా షీట్ చాలా మామూలుది. పైన పసుపు రంగు గడిలో ‘ఇప్పటి డోసు’ ఒక్కటే ఉంటుంది. పాత డోసులు కూడా కళ్లముందుంటే ఇంట్లో వాళ్లు పొరపాటు పడతారని అక్క అలా పెట్టింది. కింద తేదీ, ఐఎన్ఆర్, తర్వాతి పరీక్ష, గమనిక. అన్నీ తెలుగులోనే. మరదలు టైప్ చేయదు, ఫోన్‌లో మైక్ గుర్తు నొక్కి మాట్లాడుతుంది, అదే తెలుగులో రాసుకుంటుంది. కొంచెం అటూ ఇటూ వచ్చినా అర్థమవుతుంది.

పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. ‘అన్నయ్యా, అమ్మకి చిగుళ్ల నుంచి రక్తం ఆగట్లేదు. మోచేతి దగ్గర కమిలిపోయి నల్లటి మచ్చ కూడా ఉంది’ అన్నాడు. గుంటూరు తీసుకెళ్లారు. క్యాజువాల్టీలో ఐఎన్ఆర్ చేస్తే ఆరు దాటింది. డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఈ మధ్య డోసు పెంచారా? ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకి?’

తమ్ముడు పెంచలేదన్నాడు. అమ్మేమో ‘అక్క పెంచమంది కదరా’ అంది. అక్కకి అది పగలు, ఆఫీసు మీటింగులో ఉండి ఫోన్ తీయలేదు. పసుపు గడిలో చూస్తే ‘ఆది, బుధ 3, మిగతా రోజులు 2’ అని ఉంది. అది ఎప్పటిదో, అంతకుముందు ఏముందో అందులో లేదు. టెన్షన్‌లో తమ్ముడు అమ్మ మీద విసుక్కోవడం నాకు ఫోన్‌లో వినిపిస్తోంది.

నేను లాప్‌టాప్ తెరిచి పసుపు గడి మీద రైట్ క్లిక్ చేశాను. రెండు నెలల కిందట అక్క మార్చినట్టు, అంతకుముందు ‘ఆదివారం 3, మిగతా రోజులు 2’ అని ఉన్నట్టు చూపించింది. అంటే అమ్మ చెప్పిందీ నిజమే, ఈ మధ్య పెంచలేదని తమ్ముడు చెప్పిందీ నిజమే. కింద చూస్తే ఆ మార్పు తర్వాత చేయించిన పరీక్షల్లో అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అదే డాక్టర్‌కి చెప్పించాను. ‘అయితే డోసు కాదు. కొత్తగా ఏం మందులు వేసుకున్నారు?’ అన్నారాయన. ఏమీ లేవంది అమ్మ. తమ్ముడు ఆ వారమంతా పని మీద విజయవాడలో ఉన్నాడు, వాడికీ తెలియదు. చివరి వరుసలో గమనిక గడి ఖాళీగా ఉంది.

ఎందుకో ఆ ఖాళీ గడి మీద కూడా రైట్ క్లిక్ చేశాను. చెరిపేసిన మాట అందులో ఉంది. ‘పంటి నొప్పి, మెట్రోనిడజోల్ రోజుకి మూడు, 5 రోజులు.’ రాసింది సాయంత్రం 7:42కి, తమ్ముడి ఖాతా నుంచి. చెరిపింది మర్నాడు పొద్దున, అదే ఖాతా నుంచి. తమ్ముడు ఇంట్లో వదిలి వెళ్లిన రెండో ఫోన్‌లో మరదలు రాసింది. పొద్దున పిల్లాడి చేతిలో ఆ ఫోన్ ఉన్నప్పుడు పోయినట్టుంది. పంటి మాత్రలు కూడా మందుల లెక్కలోకి వస్తాయని అమ్మకి తోచలేదు. ఆ వయసు వాళ్లకి మందులంటే గుండెవే.

ఆ పెట్టెని స్క్రీన్‌షాట్ తీసి తమ్ముడికి పంపాను, వాడు డాక్టర్‌కి చూపించాడు. ఆ మాత్ర అసిట్రోమ్ పనితనాన్ని బాగా పెంచుతుందట, అంకె అలా ఎగబాకడానికి అదే కారణమన్నారు. రెండు మాత్రలూ ఆపించి, మందిచ్చి, మళ్లీ పరీక్షలు చేసి, అంకె దిగాక ఇంటికి పంపించారు. షీట్ లేకపోతే అమ్మకి ఏదో అయిపోయేదని నేను అనను. కారణం దొరక్కపోయినా పెరిగిన అంకెకి వైద్యం చేసేవాళ్లే. కానీ ఆ పంటి మాత్రలు ఇంకా రెండు రోజులవి ఉన్నాయి, ఇంటికొచ్చాక అమ్మ అవి వేసుకునేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు కనిపించిన ప్రతివాళ్లకీ ఈ షీట్ గురించే చెప్పాను. ఇప్పుడు కాస్త నిదానంగా చెప్పాల్సినవి ఉన్నాయి.

ఎడిట్ హిస్టరీ అన్నీ చూపించదు. గడిలో మాట చెరిపితే తెలుస్తుంది గానీ, వరుసకి వరుసే తీసేస్తే ఈ పెట్టెలో కనిపించదు. దానికి ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిచి పాత ప్రతులు వెతుక్కోవాలి, అది ఓపికతో కూడిన పని. ఆ రోజు వరుస మొత్తం పోయి ఉంటే ఆ హడావిడిలో నాకు దొరికేది కాదేమో. ఎడిట్ చేసే హక్కు లేకుండా చూడటానికి మాత్రమే షేర్ చేసిన వాళ్లకి ఈ చరిత్ర కనబడదు. పైగా అది చూపించేది ఖాతా పేరు, మనిషి పేరు కాదు. ఒకే ఖాతా ఇద్దరు వాడే ఇళ్లలో సగం సంగతే తెలుస్తుంది. ఇప్పుడు మరదలికి వేరే జీమెయిల్ పెట్టించాం.

ఇంకొకటి, ఇది మనుషుల మధ్య వచ్చిన ఇబ్బంది. ఎవరు ఎప్పుడు రాశారో నిమిషంతో సహా తెలుస్తుంది కదా, అక్క అక్కడి నుంచి రోజూ అదే చూడటం మొదలుపెట్టింది. ‘పరీక్ష పొద్దున అయితే రాత్రి పదకొండుకి ఎందుకు రాశావు?’ అని తమ్ముడిని అడిగింది. వాడికి కోపం వచ్చింది. అమ్మకి అన్నం పెట్టేది, ఆస్పత్రికి తిప్పేది వాళ్లు. దూరంగా కూర్చుని గంటలు లెక్కపెడితే ఎవరికైనా బాధే. అమ్మ మధ్యలో పడి ‘నా మాత్రల కోసం మీరు కొట్టుకోకండి’ అంది. అనుమానం వస్తే ముందు ఫోన్ చేసి అడగాలి, హిస్టరీ అవసరానికే తెరవాలి అని మాట అనుకున్నాం. అక్క తప్పు కూడా కాదు, అంత దూరాన ఉన్న వాళ్లకి భయం ఎక్కువ. అయినా గొడవలు తీరుస్తుందని నేను మెచ్చుకున్న సదుపాయమే మా ఇంట్లో ఒక గొడవకి కారణమైందన్నది నిజం.

తేదీల సంగతి మాత్రం ఇలా షేర్ చేసుకునే ప్రతి ప్రవాస కుటుంబానికీ చెప్పాలి. షీట్‌ని మొదలుపెట్టింది డాలస్‌లో కాబట్టి దాని సెట్టింగ్స్‌లో దేశం అమెరికా అని ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. తమ్ముడు ఆగస్టు 5 అనుకుని 05/08 అని కొడితే అది మే 8గా తీసుకుంది. 13/08 అని కొడితే పదమూడో నెల ఉండదు కాబట్టి తేదీగానే తీసుకోకుండా, గడిలో ఎడమ వైపుకి జరిపి మామూలు మాటలా ఉంచేసింది. తేదీల వరుసలో పేర్చి చూసినప్పుడు ఆగస్టు అంకెలు కొన్ని మేలోకి వెళ్లాయి, కొన్ని అడుగుకి చేరాయి. ఐఎన్ఆర్ లాంటి వాటిలో వరుస తప్పితే అర్థమే మారిపోతుంది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి లొకేల్ దగ్గర ఇండియా ఎంచుకుంటే ఆ తర్వాత రాసేవి సరిగ్గా వస్తాయి. అప్పటికే తప్పుగా పడినవి వాటంతట అవి దిద్దుకోవు, రిపోర్టులు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచేయాలి. ఇప్పుడు మేం నెలని అంకెలో రాయడం మానేసి, ఇంగ్లీషు అక్షరాల్లో నెల పేరే రాస్తున్నాం.

షేరింగ్ గురించి ఒక మాట. ఎడిట్ హక్కు ఉన్నవాళ్లు ఇంకొకరికి షేర్ చేయగలరు, లింక్ ఉన్న ఎవరైనా చూసేలా మార్చగలరు. మా బంధువు ఒకాయన మంచి మనసుతోనే అలా మార్చి లింక్‌ని పెద్ద గ్రూపులో పెట్టారు. అమ్మ బరువు, జబ్బులు, ఆపరేషన్ ఖర్చు అందరి నోళ్లలో నానాయి. అమ్మ చాలా చిన్నబుచ్చుకుంది. షేర్ పెట్టెలో పైనున్న చక్రం గుర్తు నొక్కితే ఎడిటర్లు ఇతరులకి షేర్ చేయకుండా ఆపే అవకాశం ఉంది. మొదటి రోజే అది చూసుకోండి. ఆధార్, బ్యాంకు వివరాలు ఇందులో పెట్టం. ఆధార్ లాంటి వాటికి డిజిలాకర్ ఉంది.

ఉచితం అన్న మాటకి కూడా హద్దు ఉంది. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ. 2021 జూన్ నుంచి కొత్త ఫోటోలు దాదాపు అన్నీ ఈ లెక్కలోకే వస్తున్నాయి. షీట్ తినే జాగా లెక్కలోకి రానంత తక్కువ. కానీ షీట్ యజమాని ఖాతా నిండిపోయి అలాగే ఉంటే, ఆ ఖాతాలోని ఫైళ్లని మిగతావాళ్లు కూడా మార్చలేని పరిస్థితి వస్తుందని గూగుల్ నిబంధనల్లోనే ఉంది. మా షీట్ అక్క ఖాతాలో ఉంది, అది పిల్లల వీడియోలతో నిండుతోంది. దీన్ని నా పేరు మీదికి మార్చాలని అనుకుంటున్నాం.

ఇంతా చెప్పి అందరూ ఇదే వాడండి అని మాత్రం అనలేను. మాకు కుదిరింది, ఎందుకంటే పట్టుదలగా రాసే అక్క ఉంది, అమ్మ పక్కనే తమ్ముడూ మరదలూ ఉన్నారు, రాత్రి పూట కూడా నా దగ్గర కంప్యూటర్ ఉంటుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఫోన్‌లో ఆ చిన్న చిన్న గడులు నింపమంటే కష్టం. అమ్మకే రాదు. డాక్టర్ గారు కూడా రాసేది కాగితం పుస్తకంలోనే, పరీక్షకి వెళ్లినప్పుడల్లా అమ్మ సంచిలో ఆ పుస్తకమే ఉంటుంది. బీపీ, షుగర్ మాత్రలే వాడేవాళ్లకి, డోసు ఎప్పుడో గానీ మారని వాళ్లకి ఈ ఎడిట్ హిస్టరీతో పెద్ద పని పడకపోవచ్చు. డోసు తరచూ మారే మందు ఉండి, చూసుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు వేరే వేరే ఊళ్లలో ఉంటే మాత్రం, పుస్తకంతో పాటు ఇది కూడా పెట్టుకోమంటాను. గమనిక గడిలో పంటి మాత్రల దగ్గర్నుంచి ఆయుర్వేద చూర్ణాల దాకా అన్నీ రాయించండి.