బరువు తగ్గించే ఆపరేషన్‌కు ‘ప్యాకేజీ’ కొంటున్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు ఆపరేషన్ చేసిన సర్జన్ మీద కోపం లేదు. ఆయన పని ఆయన చక్కగానే చేశారు. నా కోపమంతా ఆ ఆపరేషన్‌ను నాకు అమ్మిన వాళ్ల మీద. అమ్మడం అనే మాట తెలిసే వాడుతున్నాను. మా ఆడపడుచు పెళ్లికి పట్టుచీర కొన్నప్పుడు కూడా నేను ఇంతకన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగాను.

మాది ఖమ్మం. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వయసు 43, ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 112 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె, నేనే లెక్క వేసుకున్నాను, దాదాపు 45 వచ్చింది. ఆరేళ్లుగా షుగరు, అరిగిపోయిన మోకాళ్లు, పైగా నా తొమ్మిదో తరగతి రెండో అంతస్తులో. నడక, కొర్రన్నం, జీలకర్ర నీళ్లు, ఎవరు ఏం చెబితే అది చేశాను. తగ్గిన ప్రతిసారీ తగ్గినదాని కన్నా రెండు కిలోలు ఎక్కువే తిరిగి వచ్చింది.

హైదరాబాదులోని ఒక ఆసుపత్రి ప్రకటన చూసి నంబరు ఇచ్చాను. పది నిమిషాల్లో ఫోను వచ్చింది. ‘పేషెంట్ కౌన్సెలర్’నని పరిచయం చేసుకున్న ఆ అమ్మాయి గొంతు ఎంతో ఆప్యాయంగా ఉంది. పొట్టను సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్, మూడు రోజుల గది, మానసిక నిపుణురాలి సలహా, ఏడాదిపాటు డైటీషియన్, రాత్రీపగలూ పలికే హెల్ప్‌లైను, అన్నీ కలిపి 3 లక్షల 60 వేలు. ఆదివారంలోగా అడ్వాన్సు కడితే 40 వేలు తగ్గింపు. పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేసే పనికి ఆదివారం గడువు ఏమిటని ఆ రోజు నాకు తట్టలేదు.

అప్పటికి నాకు ఉన్న పెద్ద భయం ఒక్కటే. రాత్రుళ్లు నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇంట్లో అయితే మా ఆయన తట్టి లేపుతారు. మత్తుమందు ఇచ్చాక అలాగే ఆగిపోతే ఎలా? ఈ మాట ఆ అమ్మాయికి మూడుసార్లు చెప్పాను. మొదటిసారి “అందరూ ఇలాగే భయపడతారు మేడమ్” అంది. రెండోసారి సన్నబడిన వాళ్ల వీడియోలు పంపింది. మూడోసారి “ఆలోచించేకొద్దీ భయం పెరుగుతుంది, తేదీ వేసుకుంటే అదే పోతుంది” అంది. నాది పిరికితనమేమోనని సిగ్గుపడి 50 వేలు కట్టేశాను. మానసిక నిపుణురాలి సలహా అంటే పదకొండు నిమిషాల వీడియో కాల్. అవును, కాదు అని జవాబు చెప్పే ఇరవై ప్రశ్నలు. ఆ కాల్‌లో ఈ అమ్మాయి కూడా కూర్చుని ఉంది.

చేరిన రాత్రి మత్తు డాక్టరు వచ్చారు. పెద్దాయన, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఏమ్మా, భయంగా ఉందా?” అన్నారు. ఉందన్నాను. “దేనికి?” అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఊపిరి సంగతి చెప్పాను. ఆయన నా మెడ చుట్టుకొలత చూశారు, గురక సంగతి మా ఆయనను అడిగారు, పగలు కునికిపాట్లు వస్తాయా అని అడిగారు. తరగతిలో బోర్డు దగ్గరే కళ్లు మూతలు పడతాయని చెప్పాను. ఫైలు తిరగేసి “నిద్ర పరీక్ష ఏదీ?” అన్నారు. చేయనే లేదు. మర్నాటి ఆపరేషన్‌ను ఆయన ఆపేశారు.

పరీక్షలో స్లీప్ ఆప్నియా తీవ్రంగా ఉందని తేలింది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోవడమే అది. బరువు ఎక్కువున్న వాళ్లలో చాలా మామూలు. మత్తుమందు, నొప్పి మందులు కలిస్తే దాని ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ముందే తెలిసి ఉండాలి. మూడు వారాలు ముక్కుకు మాస్కు పెట్టుకుని, గాలిదారి మూసుకుపోకుండా గాలి పంపే సీప్యాప్ యంత్రంతో పడుకున్నాను. నేను పిరికితనం అనుకున్నది నిజానికి నా జబ్బు లక్షణం. దాన్ని మూడుసార్లు చెప్పినా వినకుండా తేదీ వేసేశారన్నదే నా మొదటి ఫిర్యాదు. తేదీ మార్చినందుకు 15 వేలు అదనంగా అడిగారు కూడా!

ఆ మూడు వారాలు నాకు దేవుడిచ్చినవే. ఒక నోటు పుస్తకం తీసుకుని ఎడమవైపు నా భయం, కుడివైపు దానికి జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో రాశాను. సర్జన్, మత్తు డాక్టరు, డైటీషియన్, బీమా వాళ్లు, మా ఆయన. అలా విడగొట్టాక ముప్పై ఒక్క భయాలు తేలాయి. అందులో అయిదు మా ఆయన తీర్చగలిగినవే. పిల్లల పరీక్షలు, అత్తయ్య మందులు, అలాంటివి. సర్జన్ కోసం రాసినవాటిలో ఒకటి నాకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది. “నచ్చకపోతే పొట్టను మళ్లీ మామూలుగా చేయవచ్చు” అని ఆ అమ్మాయి చెప్పింది. అంగీకార పత్రం చదివితే అది పచ్చి అబద్ధమని తెలిసింది. స్లీవ్‌లో కోసి తీసేసిన భాగం మళ్లీ రాదు. ఆ పత్రాన్ని చేరిన రాత్రి, సూది గుచ్చిన చేతికి ఇచ్చి సంతకం పెట్టమంటారు. దాన్ని వారం ముందే ఇంటికి అడిగి తెచ్చుకోండి.

ఇంకొకటి. ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు పిండిపదార్థాలు, కొవ్వు తగ్గించి ప్రొటీన్ ఎక్కువగా తినమంటారు. బరువు కోసం కాదు, కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం కాస్త చిన్నదైతే దాని కింద ఉన్న పొట్ట సర్జన్‌కు అందుతుందని. నాకు మొదట ఆ నియమం మూడు రోజులకే ఇచ్చారు. తేదీ వెనక్కి జరగడం వల్ల పూర్తిగా పాటించగలిగాను. 30 మిల్లీలీటర్ల మందు కప్పుతో గుక్కగుక్కగా తాగడం, మూడు బంతులున్న ఊపిరి పరికరాన్ని గంటకోసారి పీల్చడం ముందే అలవాటు చేసుకున్నాను. మా ఊళ్లోనే ఈ ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ ఇంటికి వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. ఆవిడ ఏమీ దాచలేదు. భయం పోయిందని చెప్పను. లోపలికి తోసుకెళ్తుంటే కాళ్లు చల్లబడ్డాయి. మత్తు డాక్టరు నన్ను గుర్తుపట్టి “ఈ రాత్రికి కూడా మాస్కు పెట్టిస్తాను” అన్నారు. అది చాలింది.

ఆపరేషన్ గంటన్నరలో అయిపోయింది. ఆ సాయంత్రమే నడిపించారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్టకు సూది వేశారు. కోతల కన్నా భుజం నొప్పి ఎక్కువగా బాధించింది. కడుపులో నింపిన గ్యాసు వల్ల వచ్చే నొప్పి అది, రెండు మూడు రోజుల్లో నడకతోనే పోయింది. అయితే గుండె విపరీతంగా వేగంగా కొట్టుకోవడం, జ్వరం, తగ్గకుండా పెరిగే కడుపు నొప్పి, ఆయాసం ఉంటే అది గ్యాసు కాదు. కుట్ల దగ్గర లీకేమో చూడాలి, రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది నాకు చెప్పింది ఒక నర్సు. ప్యాకేజీ కాగితాల్లో ఒక్క ముక్క లేదు.

మూడో రోజు ఇంటికి పంపుతూ ఆహార పట్టిక ఇచ్చారు. దలియా, లౌకీ సూప్, పనీర్ భుర్జీ! ఖమ్మం మనిషికి అది పనికిరాదని ఫోన్ చేస్తే “అదే అందరికీ మేడమ్” అన్నారు. నేనే మార్చుకున్నాను. మొదట పలచని మజ్జిగ తేట, వడగట్టిన చారు. తర్వాత పప్పుకట్టు, పలచని రాగిజావ, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ పూర్తి చేయడం అందరూ అనుకునేంత తేలిక కాదు. తినడానికీ నీళ్లు తాగడానికీ మధ్య అరగంట విడిచిపెట్టాలి. చూడటానికి వచ్చిన చుట్టాలు “నాలుగు ముద్దలు తింటే ఏమవుతుందమ్మా” అంటుంటే అత్తయ్య వాళ్లను వంటగది గడప దాటనివ్వలేదు. ఆమెను నేను ఇరవై ఏళ్లలో ఎప్పుడూ అంత ఇష్టపడలేదు.

అసలు కష్టం అయిదో వారంలో వచ్చింది. మెత్తటి ఆహారం మొదలుపెట్టగానే వాంతులు. తర్వాత జావ కూడా నిలవలేదు. హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే రాత్రుళ్లు రికార్డు చేసిన గొంతు పలికేది. పగలు అదే కౌన్సెలర్. “ఇది మామూలే మేడమ్, చిన్నగా నమలండి” అంది. డైటీషియన్ మానేసిందట, కొత్తావిడ రావాలట. పన్నెండు రోజుల్లో తొమ్మిది ఫోన్లు చేశాను. నా ఫోనులో లెక్క ఉంది. మాత్రలు కూడా వాంతిలోనే పోతున్నాయని చెప్పినా ఎవరూ ఉలిక్కిపడలేదు.

ఏడో వారంలో ఒకరోజు మెట్లు రెండుగా కనిపించాయి. నడుస్తుంటే తూలుతున్నాను. నీరసమనుకున్నాం. ఖమ్మంలో మా పాత ఫిజీషియన్ దగ్గరకు తీసుకెళ్తే ఆయన నా కళ్లు ఇటూ అటూ తిప్పించి చూసి, సెలైన్ పెట్టబోతున్న నర్సును ఆపారు. ముందు థయమిన్ సూది వేయించారు. అంటే బీ1 విటమిన్. శరీరంలో దాని నిల్వలు కొన్ని వారాలకే సరిపోతాయి. ఆగని వాంతులతో అది అడుగంటితే మెదడే దెబ్బతింటుందట. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుందట. రెండో రోజుకు చూపు సర్దుకుంది. తూలడం తగ్గడానికి నెల పట్టింది. పాదాల తిమ్మిరి నాలుగు నెలలు ఉంది.

ఆపరేషన్‌లో ఏమేం చేశారో రాసిన కాగితం కావాలని ఆయన అడిగారు. మా దగ్గర ఉన్నది ఒకటిన్నర పేజీల డిశ్చార్జి సమ్మరీ మాత్రమే. ఆసుపత్రి వాళ్లు వారం తిప్పారు. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉందని మా ఆయన రాతపూర్వకంగా పంపాకే కదిలారు. చివరకు నేనే నేరుగా సర్జన్ ఓపీకి వెళ్లాను. ఎండోస్కోపీలో స్లీవ్ మధ్యలో సన్నబడిందని తేలింది, బెలూన్‌తో వెడల్పు చేశారు. వాంతులు ఆగాయి. “తొమ్మిదిసార్లు ఫోన్ చేశారా? నాకు ఒక్క మాట కూడా చెప్పలేదే” అని ఆయన నిర్ఘాంతపోయారు. నేను నమ్మాను. డాక్టరుకూ రోగికీ మధ్య నిలబడిన ఆ అమ్మకాల బల్ల దగ్గరే నా మాటలన్నీ ఆగిపోయాయి.

ఇక డబ్బు సంగతి. 3 లక్షల 20 వేలు అనుకున్నది 4 లక్షల 85 వేలయింది. పొట్టను కోసి కుట్టే స్టేప్లర్‌కు పిన్నులు నింపిన కార్ట్రిడ్జ్‌లు వాడతారు. ప్యాకేజీలో నాలుగే ఉన్నాయట, ఆరు పట్టాయట. ఎండోస్కోపీ వేరే. బీమా వస్తుందని ఆ అమ్మాయి నమ్మబలికింది. బీమా నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ కనీసం 40 ఉంటే, లేదా కనీసం 35 ఉండి అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా వంటివి ఉండి, ఇతర పద్ధతులు విఫలమైతే, డాక్టరు సలహాతో చేసిన ఆపరేషన్‌ను స్థూలకాయం పేరు చెప్పి తోసిపుచ్చకూడదు. అన్నీ నాకు సరిపోయాయి. కానీ నా పాలసీలో ఈ ఆపరేషన్‌కు మూడేళ్లు ఆగాలని ఉంది, నేను తీసుకుని పద్నాలుగు నెలలే అయింది. ఆ పేజీ చదవకపోవడం నా తప్పు. చదవకుండానే “వస్తుంది” అనడం వాళ్ల తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాను, ఆసుపత్రి హెల్ప్‌లైనుకు నేను చేసిన ఫోన్ల జాబితా జతచేసి. ఇంకా నడుస్తోంది.

కట్టబోయేవాళ్లు కౌన్సెలర్ మాట కాకుండా సర్జన్ నోటి మాట వినండి. నాకు స్లీవే ఎందుకు, బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపేది) ఎందుకు కాదు అని అడగండి. ఛాతీలో మంట ఉన్నవాళ్లకు స్లీవ్ తర్వాత అది పెరగవచ్చు, ఆ సంగతి నాకు ముందు ఎవరూ అనలేదు. అర్ధరాత్రి వాంతులైతే ఏ డాక్టరు ఫోను ఎత్తుతారో పేరుతో సహా రాయించుకోండి. కార్ట్రిడ్జ్‌ల సంఖ్య రాయించుకోండి. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ ఎంతకాలం, రక్తపరీక్షలు ఎప్పుడెప్పుడు అని అడగండి. ఏడాది తర్వాత మానేయవచ్చని ఎవరైనా అంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. షుగరు మాత్రలు ఎప్పుడు, ఎంత తగ్గించాలో కూడా అడగండి. జుట్టు మూడో నెల నుంచి కుచ్చులుగా ఊడుతుంది, కంగారుపడకండి. నాకు ఇప్పుడు మళ్లీ బొచ్చులా మొలుస్తోంది.

తొమ్మిది నెలలయింది. బరువు 79 కిలోలు. షుగరుకు ఒక్క మాత్ర మిగిలింది. రెండో అంతస్తు ఆగకుండా ఎక్కుతున్నాను. గురక పోయిందని మా ఆయన సంతోషించారు, ఆ నిశ్శబ్దానికి మొదట్లో ఆయనకే నిద్ర పట్టలేదట.

పోయిన వారం ఆ కౌన్సెలర్ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. వాంతులు తగ్గాయా అని అడగడానికి అనుకున్నాను. కాదు. మీరు చక్కగా తగ్గారట కదా మేడమ్, మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఆపరేషన్ అనుకుంటుంటే మా గురించి చెప్పండి, ఒక్కొక్కరికి ఇరవై వేలు ఇస్తాం అంది.

తప్పకుండా చెబుతానన్నాను. ఇదిగో, చెబుతున్నాను.